బేకరీ మెట్ల లైటు

మా ఆయన అక్కను వీధిలో అందరూ టెస్టరమ్మ అనేవారు. నిచ్చెన మీద ఉన్నప్పుడు చేతులు ఖాళీ ఉండవని ఆవిడ కరెంటు ఉందో లేదో చూసే టెస్టర్‌ను కొప్పులో దోపుకునేది. కిందికి దిగాక తీయడం మరిచిపోయేది. నేను ఈ ఇంటికి కాపురానికి వచ్చిన కొత్తలో, భోజనం చేస్తున్న ఆవిడ కొప్పులోంచి ఎర్రటి పిడి ఒకటి బయటికి తొంగి చూస్తుంటే నవ్వాపుకోలేక నాకు పొలమారింది. వదిన నా నెత్తి మీద నాలుగు తట్లు తట్టి, నీళ్ల గ్లాసు చేతికిచ్చింది. ఎందుకు నవ్వానో చెప్పేసరికి తనే నాకంటే గట్టిగా నవ్వింది. అప్పటినుంచి మా ఇద్దరికీ పొత్తు కుదిరింది.

వాళ్లమ్మ పోయేనాటికి మా ఆయన ఇంకా లాగూలు తొడుక్కునే వయసువాడు. వదినే పెంచింది. చదువు సగంలో వదిలేసి, ఫ్యాను మోటార్లకు రాగితీగ చుట్టే కంపెనీలో చేరింది. ఆ కంపెనీ మూతబడ్డాక తోటివాళ్లంతా ఇంకో కంపెనీ గేటు దగ్గర నిలబడ్డారు. వదిన మాత్రం ఒక పాత నిచ్చెన కొనుక్కుని, ఇళ్లకు వెళ్లి వైరింగు పని చేయడం మొదలుపెట్టింది. మొదట్లో నవ్వినవాళ్లే తర్వాత ఆవిడ కోసం కబురు పెట్టేవారు. మగవాళ్లు ఇంట్లో లేని వేళ ఆడవాళ్లు ధైర్యంగా తలుపు తీసే ఎలక్ట్రీషియన్ చుట్టుపక్కల ఆవిడ ఒక్కతే. పైగా పని అయ్యాక గోడ పెచ్చులు తనే ఊడ్చి మరీ వచ్చేది.

సంబంధాలు రాకపోలేదు. వచ్చిన ప్రతి పెద్దమనిషీ కాఫీ తాగి, కుదురైన పిల్ల అని మెచ్చుకుని, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి ఒకే మాట అడిగేవాడట. "పెళ్లయ్యాక ఈ కరెంటు పని మానేస్తుంది కదా?"

"మీ అబ్బాయి తన ఉద్యోగం మానేస్తాడాండీ?" అని వదిన ఎదురు అడిగేది. ఇక కప్పులు కడుక్కోవడమే మిగిలేది.

నలభై దాటాయి. అడిగేవాళ్లు తగ్గారు. అందుకు ఆవిడ బెంగపడగా నేనెప్పుడూ చూడలేదు. పొద్దున్నే సైకిల్‌కు నిచ్చెన కట్టుకుని పాటలు పాడుకుంటూ వెళ్లే మనిషి. పాట ఏదైనా రాగం మాత్రం ఒకటే.

అలాంటి మనిషికి మా వీధి చివరి బేకరీలో ఒక లైటు దొరికింది.

ఆ బేకరీది రెండంతస్తుల పాత ఇల్లు. కింద ముందు గదిలో దుకాణం, వెనక గదిలో బట్టీ. పైన బేకరీ ఆయనా వాళ్లమ్మగారూ ఉండేవారు. భార్య పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ఎప్పుడు చూసినా చెవుల మీద, కనుబొమల మీద ఇంత మైదా. మాట మాత్రం మెత్తన. బట్టీ గదికీ దుకాణానికీ మధ్యనుంచి పైకి మెట్లు ఉన్నాయి. మెట్ల మీద ఒక బల్బు, దానికి కింద ఒక స్విచ్చి, పైన ఒక స్విచ్చి. ఎక్కడ నొక్కినా వెలుగుతుంది, ఎక్కడ నొక్కినా ఆరుతుంది. ఆరాల్సిందే, కానీ కొన్నాళ్లుగా పూర్తిగా ఆరడం మానేసింది. స్విచ్చి ఆపినా బల్బు లోపల మిణుకు మిణుకుమంటూ ఉండేది.

వదిన ఒక మధ్యాహ్నం వెళ్లింది. స్విచ్చి ఆపి, బల్బు తీసి, హోల్డర్లో మీటరు మొనలు పెట్టింది. సున్నా చూపించాల్సిన చోట తొంభై ఓల్టులు దాటి చూపించింది. పూర్తి కరెంటూ కాదు, లేకపోవడమూ కాదు.

"అమ్మాయ్, దాన్నేం చేయకు" అన్నారు పై మెట్టు మీద కూర్చున్న అమ్మగారు. "ఆర్పినా కాస్త వెలుతురు వస్తోంది. మెట్లు దిగడానికి నాకు బాగుంది. దీనికి బిల్లు కూడా రాదట కదా?"

"ఎవరు చెప్పారండీ?"

"ఎవరూ చెప్పలేదు. ఆర్పేశాక బిల్లెందుకొస్తుంది?"

వదిన పకపకా నవ్వి, సంచిలోంచి పాతకాలపు తీగ బల్బును ఒకదాన్ని తీసింది. దాన్ని ఆ హోల్డరుకు తగిలించి మళ్లీ మీటరు పెట్టింది. తొంభై కాస్తా ఒక్కసారి సున్నాకు పడిపోయింది.

"ఇది దొంగ ఓల్టేజీ అండీ" అని బేకరీ ఆయనకు చెప్పింది. "రెండు స్విచ్చిల మధ్య వైర్లు ఒకే పైపులో ఒకదాన్నొకటి ఆనుకుని పోతున్నాయి. కరెంటున్న వైరు పక్కన ఖాళీ వైరు ఉంటే, దాని గాలి దీనికి సోకుతుంది. మీటరు సున్నితమైంది, అందుకని ఆ మాత్రం గాలికే అంకె చూపిస్తుంది. నిజమైన పని నెత్తిన పెడితే నిలబడదు. చూశారుగా, ఈ బల్బు పెట్టగానే చచ్చింది. మీ కొత్త బల్బుకు ఆ కాస్త గాలే చాలు, మినుకుతోంది."

హోల్డరు దగ్గర ఆ గాలిని మింగేసే చిన్న కెపాసిటర్ ఒకటి కట్టింది. మినుకు పోయింది. అమ్మగారు నిట్టూర్చారు. బేకరీ ఆయన వేడి బన్నులు ఒక పొట్లం కట్టి చేతిలో పెట్టాడు. ఆ సాయంత్రం అవి తింటూ వదిన మాకు ఈ కథంతా చెప్పింది. కథ అంతటితో అయిపోయిందనే అనుకున్నాం.

కొన్నాళ్లకు బేకరీ ఆయన మా గుమ్మంలో నిలబడ్డాడు. చేతులు నలుపుకుంటూ, తప్పు తనదే అన్నట్టు, "ఏమనుకోకండి. లైటు మళ్లీ మినుకుతోంది. పైగా తెల్లారగట్ల బ్రేకరు పడిపోతోంది. పిండి కలిపే మిషను మధ్యలో ఆగిపోతోంది" అన్నాడు.

వదిన ముఖం మారింది. మినుకు వేరు, బ్రేకరు వేరు. కరెంటు ఎక్కడో గోడలోకో నేలలోకో లీకైతేనే ఆ బ్రేకరు పడేది. తను కనిపెట్టింది అబద్ధం కాదు, కానీ దాని వెనక ఇంకోటేదో దాక్కుంది.

ఆ మధ్యాహ్నమే మెగ్గర్ పట్టుకుని వెళ్లింది. మెగ్గర్ అంటే చిన్న చెక్కపెట్టె లాంటి మీటరు. పక్కనున్న పిడిని తిప్పుతుంటే, వైరు తొడుగు గట్టిగా ఉందో, ఎక్కడైనా కరెంటును జారవిడుస్తోందో ముల్లు చెబుతుంది. వదిన రెండు చేతులూ మొనలు పట్టుకోవడానికే సరిపోయాయి.

"ఏమండీ, మెయిన్ ఆపేసి ఇలా వచ్చి దీన్ని తిప్పండి" అని నిచ్చెన మీంచి కేక వేసింది.

పైన అమ్మగారు దగ్గారు. దగ్గు కాదది, నవ్వు అని నాకు తర్వాత తెలిసింది.

బేకరీ ఆయన వచ్చి పిడి పట్టుకుని గిరగిరా తిప్పాడు. పెట్టె నేల మీద గంతులేసింది.

"అయ్యయ్యో, పిండి పిసికినట్టు కాదండీ! నెమ్మదిగా, ఒకే తీరుగా."

"ఇలానా?"

"ఇంకా నెమ్మది. అదీ. అలాగే తిప్పుతూ ఉండండి."

ముల్లు హాయిగా మంచి వైపు చివరికి వెళ్లి కూర్చుంది. వైరింగులో ఏ తప్పూ లేదంటోంది. వదిన నమ్మలేదు. స్విచ్చి దగ్గర చూసింది, హోల్డరు దగ్గర చూసింది. అన్నీ శుభ్రం. ఏదో ఒకటి చేయాలని కింది స్విచ్చి మార్చి వచ్చింది. మర్నాడు తెల్లారగట్ల బ్రేకరు మళ్లీ పడింది.

"పడే వేళకు వెళ్లి చూస్తేనే దొరుకుతుంది" అంది వదిన. మర్నాడు చీకటితోనే లేచింది. వేడి బన్నులు దొరుకుతాయన్న ఆశతో నేనూ బయల్దేరాను. వీధంతా నిద్రపోతోంది, బేకరీ ఒక్కటే మేలుకుని ఉంది. బట్టీ గదిలోంచి వచ్చే కమ్మటి వాసనకు అడుగు తీసి అడుగు వేయబుద్ధి కాలేదు. మేము లోపలికి వెళ్లిన కాసేపటికే పైన టప్‌మని బ్రేకరు పడింది. బట్టీ మంట వెలుతురులో ఆ పెద్దమనిషి పిండిలో మోచేతుల దాకా మునిగి, "అదిగోనండీ" అన్నాడు.

వదిన బల్బు తీసి మెగ్గర్ పెట్టింది. నేను పిడి తిప్పాను. ముల్లు లేవనే లేదు. సున్నా పక్కనే పడుకుంది.

"దొరికావ్!" అంది వదిన. కళ్లు మెరిశాయి.

కానీ దొరకలేదు. పై స్విచ్చి విప్పి వైరును విడదీసి చూసింది. ముల్లు కాస్త లేచింది. హోల్డరు విప్పి చూసింది. ఇంకాస్త లేచింది. ఏది విప్పినా బాగుపడుతున్నట్టే కనిపించింది. అన్నీ విప్పి, అన్నీ మళ్లీ బిగించేసరికి ఎండ వచ్చేసింది. ముల్లు మళ్లీ మంచి చివరన కూర్చుని మమ్మల్ని చూసి నవ్వుతున్నట్టు ఉంది. పై స్విచ్చిదే తప్పనుకుని మార్చేసింది. ఆ మర్నాడు మళ్లీ టప్.

అలా ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. హోల్డరు మారింది. బల్బు మారింది. తెల్లారగట్ల చూస్తే రీడింగు పాతాళంలో, మధ్యాహ్నం చూస్తే ఆకాశంలో. "ఏ రోగమైనా పగలు తగ్గి తెల్లారగట్ల పెరుగుతుందా?" అని ఆవిడ భోజనం మధ్యలో చెయ్యాపి ఆలోచించేది. వెళ్లిన ప్రతిసారీ బేకరీ ఆయన ఊరికే పంపేవాడు కాదు. బన్నులు, బిస్కట్లు, బ్రెడ్డు. మా వంటింటి అలమర నిండిపోయింది. పొద్దున బ్రెడ్డు, సాయంత్రం బ్రెడ్డు.

"అక్కా, ఆ లైటు తొందరగా బాగుచెయ్యవే" అన్నాడు మా ఆయన. "నా చొక్కాలు పట్టడం లేదు."

వీధికి కూడా పని దొరికింది. పాలు పోసే ఆవిడ నన్ను ఆపి, "మీ ఆడపడుచు ఇంత పనిమంతురాలు కదా, ఒక్క బల్బు దగ్గర ఇన్నాళ్లు పడుతోందేమిటమ్మా? జబ్బు లైటుకా, మనిషికా?" అంది. నేను పైకి కోపం నటించాను కానీ ఇంటికి వచ్చి ఆ మాట వదినకు చెప్పకుండా ఉండలేకపోయాను.

"చీ, పోవే" అంది వదిన. కాసేపటికి అద్దం ముందు నిలబడి కొప్పు సరిచేసుకుంది. మెగ్గర్ పట్టుకుని బేకరీకి వెళ్లడానికి అంత అద్దం అవసరమా అని నేను అడగలేదు. అడిగితే టెస్టర్ తీసి పొడిచేది.

నిజం చెప్పాలంటే, ఆ గొడవ చుట్టూ ఒక సరదా పెరుగుతోంది. నేను తోడు వెళ్లిన ప్రతిసారీ చూశాను. మెగ్గర్ తిప్పే పని ఆయన నా దగ్గర లాగేసుకున్నాడు. ఇప్పుడు ఎంత కుదురుగా తిప్పేవాడంటే పెట్టె కదిలేది కాదు. ఆవిడ "ఏమండీ" అంటే ఆయన ఎక్కడున్నా "ఆ" అనేవాడు. పిండి ఎందుకు పొంగుతుందో ఆయన చెప్పేవాడు, కరెంటు ఎందుకు కొడుతుందో ఆవిడ చెప్పేది. ఆయన కనుబొమ మీది మైదా చూసి ఆవిడ ఒకసారి చెయ్యి ఎత్తబోయి, మధ్యలో ఆపి, ఆ చేత్తోనే స్క్రూ బిగించింది. అది నేను చూడలేదనే ఇప్పటికీ అనుకుంటోంది.

ఒక మధ్యాహ్నం వదిన నిస్పృహగా మెట్ల మీద కూలబడింది. "వైరంతా పీకి కొత్తది లాగేస్తానండీ. ఇక నావల్ల కాదు" అంది. ఆవిడ నోట ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. బేకరీ ఆయన టీ తెచ్చి ఇచ్చి, ఒక మెట్టు కింద కూర్చున్నాడు.

పైనుంచి అమ్మగారు అన్నారు. "నాకు సోమవారం ఒక్కటే సుఖం తల్లీ. ఆ రోజు తెల్లారగట్ల ఈ టప్ టప్ ఉండదు. హాయిగా నిద్రపోతాను."

వదిన టీ గ్లాసు నోటి దగ్గర ఆగిపోయింది.

"సోమవారం బ్రేకరు పడదా?"

"పడదమ్మా. దానికీ సెలవే కాబోలు. సోమవారం మా బేకరీకి సెలవు కదా."

వదిన గ్లాసు పక్కన పెట్టింది. బేకరీ ఆయన వైపు తిరిగింది. ఇద్దరూ ఒకేసారి బట్టీ గది గోడ వైపు చూశారు.

"బట్టీ" అంది వదిన.

"బట్టీ" అన్నాడు ఆయన.

"వేడికి వైరు కరిగితే మధ్యాహ్నానికి మళ్లీ బాగుపడదు. వేడి కాదు. తడి! మీ బట్టీలో ఆవిరి ఉంటుందా?"

"ఉండకపోతే బ్రెడ్డుకు పైపొర ఎలా వస్తుందండీ? తెల్లారగట్ల నీళ్లు చల్లి తలుపు వేస్తాను. తీసినప్పుడు గదంతా పొగమంచే."

మర్నాడు మేము ముగ్గురం చీకటితోనే అక్కడున్నాం. ఈసారి మా ఆయన కూడా వచ్చాడు. వీధి మాటలు ఆయన చెవినా పడ్డాయి, మనిషిని దగ్గరగా చూడాలనుకున్నాడు. వదిన మెగ్గర్ సంచిలోంచి తీయనే లేదు. "మీ పని మీరు చేసుకోండి, రోజూ చేసినట్టే" అని చెప్పి, మెట్ల పక్క గోడను అరచేత్తో తడుముతూ నిలబడింది. ఆయన బట్టీలో నీళ్లు చల్లి తలుపు వేశాడు. కాసేపటికి తలుపు తీశాడు. తెల్లటి ఆవిరి బుస్సున బయటికి వచ్చి గది నిండింది.

వదిన చెయ్యి గోడ మీద మెల్లగా పైకి జరిగి, కింది స్విచ్చికి జానెడు ఎగువన ఆగింది.

"ఇక్కడ వెచ్చగా ఉంది. మిగతా గోడంతా చల్లన."

పైన టప్‌మంది. ఎవరూ అటు చూడలేదు.

మా ఆయన టార్చి వేశాడు. వదిన స్క్రూడ్రైవరుతో రంగు పొరలు గీరింది. ఎన్నిసార్లు సున్నం, రంగు వేశారో, పొర మీద పొర. వాటి కింద గుండ్రటి ఇనుప మూత బయటపడింది. అక్కడో జంక్షన్ బాక్సు ఉందని ఇంట్లో ఎవరికీ తెలియదు. మెయిన్ ఆపించి, మూత విప్పింది. మూత లోపలి వైపంతా నీటి బొట్లు, ఉడికే గిన్నె మీద మూత తీసినట్టు. లోపల పాత గుడ్డ టేపు చుట్టిన అతుకులు తడిసి నానిపోయి ఉన్నాయి. ఒక బొట్టు టేపు మీంచి జారి ఇనుప పెట్టెలోకి పడింది.

"చూశారా, చూశారా!" అంటూ వదిన మెట్ల మీదే గెంతింది. "ఎండెక్కేసరికి ఆరిపోతోంది. నేను ఏది విప్పినా బాగైనట్టు కనిపించింది అందుకే. విప్పడం వల్ల కాదు, ఆలస్యం వల్ల!"

"కానీ అక్కా, ఆవిరి గోడలోకి ఎలా వచ్చింది?" అన్నాడు మా ఆయన.

ఆ పెట్టెలోంచి వైర్లున్న పైపులు కాక, ఖాళీ పైపు ఒకటి బట్టీ గది వైపు పోతోంది. బేకరీ ఆయన నుదురు కొట్టుకున్నాడు. ఎప్పుడో వాళ్ల నాన్నగారి కాలంలో బట్టీ దగ్గర గోడకు ఒక ఫ్యాను ఉండేదట. అది తీసేశారు. పైపు మూతి మాత్రం అలాగే మిగిలిపోయింది. బ్రెడ్డు ట్రేల బండిని పక్కకు లాగితే, వెనక గోడలో వేలు దూరేంత కన్నం కనిపించింది. ఆయన బటర్ పేపరు ముక్క ఒకటి చింపి దాని దగ్గర పెట్టాడు. కాగితం చటుక్కున కన్నానికి అతుక్కుంది. పైన బాక్సు మూత తీసి ఉంది, వెచ్చటి గాలి ఈ పైపులోంచి అటు ఎగబాకుతోంది. ఆయన కాగితం తీశాడు, మళ్లీ పెట్టాడు. మళ్లీ అతుక్కుంది. ఇద్దరూ చిన్నపిల్లల్లా మార్చి మార్చి ఆ కాగితంతో ఆడుకున్నారు. మాడిన వాసన వచ్చేదాకా బట్టీలో బ్రెడ్డు ఉందన్న సంగతే ఆయనకు గుర్తులేదు.

ఒక వాయి బ్రెడ్డు బొగ్గయింది. అంత పొద్దున్నే అంతగా నవ్విన నలుగురిని ఆ వీధి అంతకుముందు చూసి ఉండదు. మేము ఎందుకు నవ్వుతున్నామో చూద్దామని అమ్మగారు కూడా ఒక్కో మెట్టూ దిగి వచ్చారు. మాడిన బ్రెడ్డు చూసి, "నా కొడుకు బ్రెడ్డు మాడ్చడం పుట్టి బుద్ధెరిగాక ఇదే చూడటం" అని వదిన వైపు అదోలా చూశారు.

వదిన తడిసిన అతుకులు కోసేసి, కొత్త కనెక్టర్లు వేసింది. పెట్టె ఆరబెట్టి, ఖాళీ పైపును రెండు వైపులా సిమెంటుతో మూసింది. మర్నాడు తెల్లారగట్ల వెళ్లి ఆవిరి మధ్యలోనే మెగ్గర్ పెట్టింది. ఆయన తిప్పాడు. ముల్లు మంచి చివరికి వెళ్లి అక్కడే నిలిచింది. ఆ మర్నాడూ అంతే. మెట్ల లైటు వెలగమంటే వెలిగింది, ఆరమంటే పూర్తిగా ఆరింది.

ఇక బేకరీకి వెళ్లే పని లేదు.

ఇంట్లో బ్రెడ్డు అయిపోయింది. వదిన పాటలు తగ్గాయి. చేసే పనిలో లోటు లేదు కానీ, సాయంత్రం వచ్చి ఊరికే మా ఇంట్లో ప్లగ్గులన్నీ పరీక్షించేది. ఏ తప్పూ లేని ఫ్యాను రెగ్యులేటరు ఒకటి విప్పి మళ్లీ బిగించింది. "వదినా, బేకరీలో ఇంకేమైనా వైరింగు చూడాలేమో?" అని నేను కదిపితే, "అక్కడ అంతా బాగుంది" అని ముక్తసరిగా అనేది. ఆ బాగుండటమే ఆవిడకు బాగున్నట్టు లేదు.

ఒక మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే బేకరీ ఆయన. మొదట గుర్తుపట్టలేదు. ముఖాన మైదా లేదు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల. మా ఆయన కుర్చీ వేశాడు. వదిన వంటింటి గుమ్మంలో నిలబడింది, చెయ్యి తనంతట తానే సంచి వైపు పోయింది.

"మళ్లీ పడిందాండీ బ్రేకరు?"

"లేదండీ."

"లైటు మినుకుతోందా?"

"లేదండీ. శుభ్రంగా ఉంది. ఏ కంప్లైంటూ లేదు."

"మరి?" అన్నాడు మా ఆయన.

బేకరీ ఆయన చొక్కా బొత్తాం తిప్పుతూ కూర్చున్నాడు. "అదేనండీ ఇబ్బంది" అన్నాడు చివరికి.

నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. మా ఆయన ముఖంలోకి చూస్తే ఇద్దరం బయటపడిపోతామని గోడ వైపు చూశాను. వదిన చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ అలా తల దించుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఇంతలో బయటినుంచి ఒక గొంతు. "ఇంకా అడగలేదా?" వాకిట్లో ఆగిన ఆటోలోంచి అమ్మగారు తల బయట పెట్టి ఉన్నారు.

"అమ్మా, నువ్వుండవే!" అని ఆయన అరిచాడు. తర్వాత వదిన వైపు తిరిగి, నేల చూపులు మానేసి, నిదానంగా చెప్పాడు. "అమ్మ పంపితే రాలేదండీ, నేనే వచ్చాను. అమ్మ ఆటో ఎక్కేసింది, దిగమంటే దిగలేదు. నాకు గొప్పగా మాట్లాడటం రాదు. మీరు రాని రోజున బేకరీలో ఏదో తక్కువైనట్టు ఉంటోంది. మీకిష్టమైతే, మనం పెళ్లి చేసుకుందాం."

వదిన తల ఎత్తింది. మాట తిన్నగానే వచ్చింది. "నేను పని మానను."

"నేనూ మానను కదండీ" అన్నాడు ఆయన ఆశ్చర్యంగా. "తెల్లారగట్ల బట్టీ దగ్గరికి పోవద్దని మీరు అంటారా?"

"అనను."

"మరి నేనెందుకంటాను?"

ఇన్నేళ్లలో వచ్చిన అంతమంది పెద్దమనుషుల్లో ఒక్కరికీ తోచని మాట అది. వదిన మా ఆయన వైపు చూసింది. తను ఎత్తుకుని పెంచిన తమ్ముడిని అనుమతి అడుగుతున్నట్టు చూసింది. ఆయన లేచి వెళ్లి అక్క చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు. అంతకంటే ఏం చేయాలో ఆయనకు తెలియలేదు.

"ఏమండీ" అంది వదిన బేకరీ ఆయనతో, కళ్లు తుడుచుకుంటూ. "అమ్మగారిని ఎండలో కూర్చోబెట్టారు. లోపలికి పిలవండి."

రిజిస్టరాఫీసులో సంతకాలు చేసిన రోజున వీధివీధంతా బేకరీ ముందే ఉంది. పాలు పోసే ఆవిడ తనే ముందుగా కనిపెట్టానని కనపడిన ప్రతివాళ్లకూ చెప్పుకుంది. దుకాణం బోర్డు కింద ఇంకో చిన్న బోర్డు వెలిసింది, ఇళ్ల వైరింగు చేయబడును అని. రొట్టె కొనడానికి వచ్చి ఫ్యాను సంగతి చెప్పిపోయేవాళ్లు కొందరు, ఫ్యాను సంగతి చెప్పడానికి వచ్చి రొట్టె కొనుక్కుపోయేవాళ్లు కొందరు. ఇద్దరికీ గిరాకీ పెరిగింది.

మొన్నొక ఉదయం బన్నుల కోసం వెళ్లాను. బట్టీ గదిలో వదిన స్టూలు మీద కూర్చుని, మోచేతుల దాకా పిండితో, బన్నులు చుట్టడం నేర్చుకుంటోంది. ఒక్కటీ గుండ్రంగా రావడం లేదు. ఒకటి పొడుగ్గా, ఒకటి మూడు మూలలతో. ఆయన పక్కన నిలబడి, "వైరు మెలిపెట్టినట్టు కాదు, నెమ్మదిగా, ఒకే తీరుగా" అంటున్నాడు. ఆవిడ వింటేగా. ఆ వంకర బన్నులు ట్రేలో విడిగా పెట్టి ఉన్నాయి. అవి మాడుతాయా, పొంగుతాయా అని పై మెట్టు మీంచి అమ్మగారు అడుగుతున్నారు. నేను ఒక మూడు మూలలదాన్ని అడిగి తీసుకున్నాను. వేడి వేడిగా, చాలా బాగుంది.